నిడదవోలు కోడలు గుర్రమెక్కిన బొమ్మ: అక్రిలిక్ మీద ఆయిల్, ఒక కేస్ స్టడీ

బొమ్మ ఎత్తు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు. గుర్రం మీద రాణి రుద్రమదేవి. వేయించుకున్నది నిడదవోలు దగ్గర ఒక బాలికల హైస్కూల్లో చదువుకున్న ఆడవాళ్ళు. చందాలు వేసుకుని స్కూలు హాలుకి ఇవ్వాలనుకున్నారు. వాళ్ళ తరఫున మాట్లాడింది అదే స్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మేడంగారు. రుద్రమే ఎందుకని నేను అడగకముందే ఆవిడే చెప్పారు: "ఏలింది ఓరుగల్లైనా, పెళ్ళాడింది మన నిడదవోలు చాళుక్య వీరభద్రుణ్ణి. ఆ లెక్కన ఆవిడ ఈ ఊరి కోడలు మాస్టారూ. మా పిల్లలకి ఆ సంగతి తెలియాలి."

గుర్రం మీద మనిషి బొమ్మల్లో నాకు ఎక్కువ చోట్ల కనిపించే లోపం ఒకటుంది. గుర్రం బాగుంటుంది, మనిషీ బాగుంటాడు, కానీ ఆ మనిషి బరువు గుర్రానికి తెలిసినట్టుండదు. ఇద్దర్నీ విడివిడిగా గీసి ఒకరి మీద ఒకరిని పెట్టినట్టుంటుంది. తొడ, మోకాలు, జీను, దాని కింద గుడ్డ, గుర్రం పక్కటెముకలు అన్నీ కలిసే చోటు ఈ బొమ్మలో జానెడుంటుంది. ఆ జానెడు కుదిరితే మిగతాది కుదురుతుందని నా నమ్మకం. ఏది అక్రిలిక్‌లో ముగించాలి, ఏది ఆయిల్‌కి వదలాలి, ఏ రోజు ఎక్కడ కుంచె పెట్టాలి అన్నవన్నీ ఆ చోటుని దృష్టిలో పెట్టుకునే వేసుకున్నాను.

ఏ గుర్రం, ఏ నడక

చందాల కమిటీవాళ్ళ మనసులో ఉన్నది తెల్ల గుర్రం. ముందు కాళ్ళు గాల్లోకి లేపి, రాణి కత్తి పైకెత్తి, వెనక కాలవ, కొబ్బరిచెట్లు. మూడింటి గురించీ కూర్చుని మాట్లాడుకున్నాం.

మనం తెల్ల గుర్రాలు అనుకునేవాటిలో చాలా వరకు పుట్టినప్పుడు ముదురు రంగులోనే ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ వెంట్రుక తెల్లబడుతుంది, చర్మం నల్లగానే ఉంటుంది. మూతి దగ్గర, కళ్ళ చుట్టూ నలుపు కనిపించేది అందుకే. తెల్ల గుర్రం వెయ్యడం నాకూ ఇష్టమే. కానీ ఆ హాల్లో నాలుగు పక్కలా ట్యూబ్‌లైట్లు. బొమ్మలో సగం చోటు తెల్లటి ఒళ్ళు ఆక్రమిస్తే, వెనక బెంచీలో కూర్చున్న పిల్ల చూపు రాణి మొహం దాకా వెళ్ళదు. అందుకని ఎర్రగోధుమ ఒళ్ళు, నల్లటి జూలు, నల్లటి తోక, మోకాళ్ళ కింద నలుపు ఉన్న గుర్రాన్ని ఎంచుకున్నాం. ముదురు ఒంటి మీద మొహం, ఛత్రం వాటంతట అవే ముందుకొస్తాయి.

భంగిమకి ఆధారం దొరికింది. వరంగల్ దగ్గర బొల్లికుంటలోని రెండు శిల్పాలను రుద్రమదేవివిగా పురావస్తు శాఖవాళ్ళు 2017లో గుర్తించారు. ఒకదాంట్లో ఆమె గుర్రం మీద ఉంది. కుడి చేతిలో కత్తి, ఎడమ చేతిలో కళ్ళెం, తల పైన రాజఛత్రం. రెండో దాంట్లో అలసి ఒక పక్కకి ఒరిగి ఉంది, దగ్గర్లో యముడి దున్నపోతు. ఆమె మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం 1289 నాటిది. దాదాపు 27 ఏళ్ళు రాజ్యం చేసిన మనిషి, వయసు మీద పడ్డాక కూడా గుర్రం దిగలేదన్నమాట. ఈ మాట అనుకున్నాక, కాళ్ళు లేపిన గుర్రం ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మేడంగారే అన్నారు, "నడిపించండి మాస్టారూ, ఆవిడకి హడావిడి అక్కర్లేదు" అని.

దౌడు వద్దనుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ముందు కాళ్ళు ముందుకీ, వెనక కాళ్ళు వెనక్కీ చాచి గాల్లో తేలే గుర్రాన్ని చిత్రకారులు ఎంతో కాలం వేశారు. 1878లో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరసగా తీసిన ఫొటోలు వేరే సంగతి చూపించాయి. దౌడులో నాలుగు కాళ్ళూ నేల విడిచే క్షణం ఉంది కానీ, అప్పుడు కాళ్ళు పొట్ట కిందకి ముడుచుకుని ఉంటాయి. అలా ఉన్నది ఉన్నట్టు వేస్తే జనానికి గుర్రం తడబడినట్టనిపిస్తుంది, చాచి వేస్తే అబద్ధమవుతుంది. నడకలో ఆ గొడవ లేదు. ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు, కుడి ముందు కాలు, ఇదీ వరస. ఒక క్షణంలో ఒక పక్కనున్న రెండు కాళ్ళూ పొట్ట కింద ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఆ క్షణాన్నే తీసుకున్నాను. దగ్గరైన ఆ రెండు కాళ్ళ పైన సరిగ్గా రాణి తుంటి ఉంటుంది, బరువు ఎక్కడుందో కంటికి వెంటనే తెలుస్తుంది.

గుర్రాన్ని తణుకులో పెళ్ళి ఊరేగింపులకి తిప్పే ఒక పెద్దాయన దగ్గర చూసి గీసుకున్నాను. బాబాయ్ అని పిలుస్తాను ఆయన్ని. నా స్కెచ్చులు తిరగేసి ఆయన ఒకే మాట అన్నాడు: "ఆయ్, రెండు చెవులూ ఎప్పుడూ ముందుకే పెట్టదండి మాస్టారూ. మీదున్నోళ్ళు ఏం చెప్తారా అని ఒకటి ఎనక్కి తిప్పుకునుంటది." బొమ్మలో కుడి చెవి దారి వైపు, ఎడమ చెవి రాణి వైపు ఉంది. చూసినవాళ్ళలో చాలామంది ఎందుకో తెలియకుండానే గుర్రానికి, రాణికి మధ్య ఏదో మాట నడుస్తోందంటారు. అది బాబాయ్ చలవ.

కొలతలకి గుర్రం తల పొడవే ప్రమాణం. రెండున్నర తలలు మెడ మొదలు దగ్గరి ఎత్తు, రెండున్నర తలలు రొమ్ము నుంచి పిర్ర దాకా పొడవు. జాతిని బట్టి కొద్దిగా మారుతుంది, కానీ మొదటి గీతకి ఇది నమ్మదగ్గ లెక్క. ముందు కాలి మధ్య కీలుని మోకాలంటాం గానీ, ఎముకల లెక్కన అది మన మణికట్టు. ఈ ఒక్కటి గుర్తుంటే ముందు కాళ్ళ వంపు ఎటో తప్పిపోదు.

ఇక కాలవ. మా డెల్టాని ఇప్పుడున్న రూపంలోకి తెచ్చిన కాలవలు కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట తర్వాతివి. ఆ పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. పదమూడో శతాబ్దపు బొమ్మలో ఆ కాలవ పెట్టలేం. బదులుగా గోదావరి పాయ ఒకటి, తాటిచెట్లు, వరి పచ్చదనం పెట్టాను. దిగంతాన్ని గుర్రం మోకాళ్ళ దాకా కిందకి దించాను. డెల్టాలో నేల చదును, ఆకాశమే ఎక్కువ. గుర్రమెక్కిన మనిషి నిండా ఆకాశంలోనే ఉంటుంది.

బల్ల

సాగదీసిన కాన్వాస్ ఈ పనికి వద్దనుకున్నాను. మా దగ్గర వానాకాలంలో గుడ్డ తేమ పీల్చి వదులవుతుంది, ఎండల్లో బిగుస్తుంది. ఆయిల్ పొర ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి, సాగే గుణం పోగొట్టుకుంటుంది. కింద గుడ్డ కదులుతుంటే పైన పగుళ్ళు తప్పవు. 12 ఎంఎం మెరైన్ ప్లై తీసుకున్నాను. షీటు 8 బై 4 వస్తుంది కాబట్టి అతుకు లేకుండా సరిపోయింది. వెనక టేకు చట్రం.

ప్లై మీద నేరుగా గెస్సో, అంటే రంగు పట్టడానికి ముందు పూసే తెల్లటి పూత, వేస్తే చెక్కలోని పసుపు రంగు నీళ్ళతోపాటు పైకి ఊరి తెల్లదనాన్ని చెడగొడుతుంది. ముందు పలచటి అక్రిలిక్ మీడియంతో (రంగు కలపని అక్రిలిక్ జిగురు) సీల్ చేసి, ఆరాక సన్నటి నూలు కాన్వాస్‌ని జెల్ మీడియంతో అతికించి, దాని మీద గెస్సో వేశాను. ఒక పొర అడ్డంగా, ఒకటి నిలువుగా, మధ్యలో ఇసక కాగితం. వెనక వైపు, అంచులకి కూడా రెండు కోట్లు తప్పనిసరి. ఒక పక్కే మూసేస్తే రెండో పక్క తేమ పీల్చి బల్ల వంకర తిరుగుతుంది.

అక్రిలిక్‌లో ఎంత

అక్రిలిక్ నీరు ఆవిరై ఆరుతుంది, ఆయిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అందుకే అక్రిలిక్ మీద ఆయిల్ నిలుస్తుంది, ఆయిల్ మీద అక్రిలిక్ నిలవదు. ఆయిల్ మొదలయ్యాక వెనక్కి వెళ్ళే దారి లేదు. కాబట్టి వెలుగెటు నుంచి, ఏది ఎంత ముదురు, ఎక్కడ అంచు గట్టిగా ఉండాలి లాంటి నిర్ణయాలన్నీ అక్రిలిక్‌లోనే తెగాలి. గంటలో ఆరిపోయే రంగుతో అవి ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

ఆరిన గెస్సో మీద పలచగా బర్ంట్ సియెన్నా (ఎర్రగోధుమ రంగు) రుద్దాను. దాని మీద రా అంబర్ (ముదురు గోధుమ మట్టిరంగు), తెలుపు కలిపి ఐదు మెట్ల వెలుగునీడల్లో బొమ్మంతా వేశాను. ఈ దశలో రాణికీ గుర్రానికీ తేడా చూపించలేదు. ఇద్దర్నీ కలిపి ఒకే ముద్దగా చూసి, వెలుగు పక్క, నీడ పక్క విడదీశాను. నీడ రాణి తొడ మీద మొదలై జీను గుడ్డ మీదుగా గుర్రం పొట్ట దాకా ఒకే ధారగా జారాలి. ఇక్కడ ఇద్దరి నీడలూ విడిపోతే తర్వాత ఏ ఆయిలూ వాటిని కలపలేదు.

తర్వాత రంగు పొరలు. పలచన చెయ్యడానికి నీళ్ళ కన్నా మీడియమే ఎక్కువ వాడాను. నీళ్ళు మరీ ఎక్కువైతే రంగుని పట్టి ఉంచే బైండర్ పలచబడి పొర బలహీనమవుతుంది. ఇంకోటి, అక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురవుతుంది. అందుకని గుర్రం ఒంటిని కావలసినదానికన్నా కొంచెం తేటగా, కొంచెం ఎర్రగా ఉంచాను. పైన వచ్చే ఆయిల్ గ్లేజులకి, అంటే కింది రంగు కనిపించేంత పలచటి పొరలకి, ఆ ఎరుపు లోపలి నుంచి వెలుగిస్తుంది.

ఆకాశం, దూరపు తాటిచెట్లు, ఛత్రం పూర్తిగా అక్రిలిక్‌లోనే ముగించాను. అక్రిలిక్‌కి ఆరాక ఒక రకమైన పొడిదనం ఉంటుంది, అది దూరానికి సరిపోతుంది. రాణి మొహం, చేతులు, కాళ్ళు, గుర్రం, జీను, జీను గుడ్డ మాత్రమే ఆయిల్‌కి వదిలాను. ఒకే బొమ్మలో రెండు రకాల మెరుపు వస్తుంది కదా అని ఒకమ్మాయి అడిగింది. వస్తుంది. చివర వార్నిష్‌తో రెండూ ఒకటవుతాయి. అప్పటిదాకా ఓపిక పట్టాలి.

అక్రిలిక్ పైకి ఆరినట్టుంటుంది, లోపల తేమ ఉంటుంది. మా గాలిలో ఇంకాస్త ఎక్కువ కాలం ఉంటుంది. పలచటి పొరలకి మూడు రోజులు చాలంటారు కానీ, వారం దాటాకే ఆయిల్ ముట్టుకున్నాను.

ఆయిల్

మొదటి పొర టర్పెంటైన్‌తో (టర్ప్స్) పలచగా, నూనె దాదాపు లేకుండా. తర్వాతి పొరలో కొంచెం అవిసె నూనె, చివరి పొరలో ఇంకొంచెం. నూనె తక్కువ ఉన్న పొర కింద, ఎక్కువ ఉన్నది పైన ఉండాలన్నది పాత సూత్రం. నూనె ఎక్కువున్న కింది పొర ఇంకా ఆరుతూ కదులుతుంటే, పైన ముందే గట్టిపడిన పొర పగులుతుంది.

మా డెల్టాలో దీనికి ఇంకో సంగతి తోడవుతుంది. అల్పపీడనం పట్టి నాలుగు రోజులు ముసురు కురిస్తే ఆయిల్ ఆరడం బాగా నెమ్మదిస్తుంది. ఏ రంగు ఎంత తొందరగా ఆరుతుందన్నది అప్పుడే అక్కరకొస్తుంది. అంబర్లలో మాంగనీస్ ఉంటుంది, అవి తొందరగా ఆరతాయి. ఐవరీ బ్లాక్, అలిజరిన్ క్రిమ్సన్ బాగా ఆలస్యం. గుర్రం జూలు, తోక, కాళ్ళ నలుపు కోసం నల్ల ట్యూబు అసలు తియ్యలేదు. బర్ంట్ అంబర్, అల్ట్రామెరీన్ కలిపితే నలుపే వస్తుంది. పైగా వెలుగు పక్క నీలం వైపుకి, నీడ పక్క గోధుమ వైపుకి లాగడానికి వీలుంటుంది. తొందరగానూ ఆరుతుంది.

తెలుపు విషయంలో గట్టిగా చెప్తున్నాను. అక్రిలిక్ గెస్సో మీద జింక్ వైట్ ఉన్న ఆయిల్ వాడకండి. జింక్ పొర పెళుసు. ఏళ్ళు గడిచాక కింది పొరని వదిలి పెచ్చులుగా లేస్తుంది. పైన టైటానియం అని రాసి లోపల జింక్ కలిపిన ట్యూబులు కూడా ఉంటాయి. వెనక చిన్న అక్షరాల్లో పి.డబ్ల్యు.4 అని ఉంటే అది జింక్. పి.డబ్ల్యు.6 ఒక్కటే ఉన్నది కొనండి.

గుర్రం ఒళ్ళు ఒక రంగు కాదు. వెన్ను, పిర్ర పై భాగం ఆకాశాన్ని చూస్తాయి, అక్కడ గోధుమ రంగు మీద చల్లటి నీలిబూడిద ఛాయ వస్తుంది. పక్కలు ఎండకి ఎర్రబడతాయి. పొట్ట కింద చాలామంది వేడి ఎరుపు వేస్తారు. ఎర్రమట్టి నేల మీద అది నిజమే. వరిచేల మధ్య నిలబడిన గుర్రం పొట్ట కింద మాత్రం పచ్చ ఛాయ పడుతుంది. తణుకులో చేను గట్టున బాబాయ్ గుర్రాన్ని నిలబెట్టినప్పుడు కళ్ళారా చూశాను. ఎల్లో ఆకర్, కొద్దిగా నీలం, టర్ప్స్ కలిపి పొట్ట కింద, తొడల లోపల ఒక పలచటి గ్లేజ్ ఇచ్చాను. బొమ్మ గోదావరి జిల్లాదయింది అక్కడే.

మెరుపు చుక్కలు వెంట్రుక వాలుని బట్టి సాగాలి. రొమ్ము మీద, డొక్క దగ్గర వెంట్రుక సుడి తిరుగుతుంది. అక్కడ కుంచె కూడా తిరగాలి. గుర్రం కంటిపాప అడ్డంగా కోలగా ఉంటుంది. మనిషి కన్నులా గుండ్రంగా వేసి చుట్టూ తెల్లగుడ్డు చూపిస్తే గుర్రం బెదిరినట్టుంటుంది.

ఆ జానెడు

ఇక్కడ ఒకటే నియమం పెట్టుకున్నాను. రాణి తొడ, మోకాలు, జీను, జీను గుడ్డ, దాని చుట్టూ గుర్రం ఒళ్ళు అన్నీ ఒకే పూట, తడి మీద తడిగా వెయ్యాలి. మిగతా చోట్ల ఏ రోజు వీలైతే ఆ రోజు. ఇక్కడ మాత్రం పొద్దున్నే మొదలెట్టి వెలుగు ఉండగానే ముగించడం.

ఆయిల్ వాడటానికి అసలు కారణం ఇదే. అక్రిలిక్‌లో రెండు రంగుల అంచు వెంటనే ఆరి గీతలా నిలబడిపోతుంది. రాణి మోకాలు ఎక్కడ ముగిసి జీను గుడ్డ ఎక్కడ మొదలైందో కత్తితో కోసినట్టు తెలుస్తుంది. నిజంగా కూర్చున్న మనిషి దగ్గర అలా ఉండదు. తొడ కండ బరువుకి పరుచుకుని వెడల్పవుతుంది. గుడ్డ దాని కింద నలిగి, ముడతలు మోకాలి దగ్గర నుంచి వెనక్కి విచ్చుకుంటాయి. పిక్క ఆనినచోట గుర్రం వెంట్రుక కాస్త అణిగి మెరుపు పోతుంది. తొడ మీద పడిన ఎర్రగుడ్డ రంగు గుర్రం పక్కకి పాకుతుంది, గుర్రం ఒంటి గోధుమ రంగు రాణి పాదం కిందకి పాకుతుంది. తడిగా ఉన్నప్పుడు ఒక రంగుని ఇంకోదాంట్లోకి లాగితేనే ఇది సాధ్యం.

ముందు నీడ అంతా వేశాను, తొడ కింద నుంచి పొట్ట దాకా ఒకే మిశ్రమంతో. దాంట్లోకి గుడ్డ ఎరుపు, గుర్రం గోధుమ విడివిడిగా దింపాను. అంచుల్లో మూడొంతులు మెత్తటి పొడి కుంచెతో చెరిపేసి, రెండే రెండు చోట్ల గట్టిగా ఉంచాను. ఒకటి మోకాలి పైఎముక, రెండు రికాబులో పాదం ఆనిన చోటు. బరువు దిగేది ఆ రెంటి మీదే. గుర్రం వీపు కూడా జీను కింద నూలుపోగంత దిగుతుంది. గీత తీసి చూపిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది కాబట్టి జీను వెనక అంచు నీడని కాస్త చిక్కబరిచి ఊరుకున్నాను.

రాణి చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీదకి రావాలని ఇప్పటి స్వారీ నేర్పేవాళ్ళు చెప్తారు. పాత శిల్పాల్లో కాళ్ళు కాస్త ముందుకు చాపి ఉంటాయి. చెవి, భుజం, తుంటి గీత మీదే ఉంచి, మడమని కొద్దిగా ముందుకు వదిలాను. కత్తి చెయ్యి పైకెత్తలేదు, తొడ పక్కన వాల్చి ఉంది. వేళ్ళ బిగువు మాత్రం ఉంది.

మొహం చివర్న వేశాను. దానికి ఆధారమంటూ ఏమీ లేదు కాబట్టి, ఈ ప్రాంతపు నడివయసు ఆడవాళ్ళ మొహాల్లోంచే కట్టాను. మేడంగారు చూసి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఛత్రం అంచు కుచ్చుల గురించి అడిగారు.

పురుగులు, గుడ్డలు

ఖరీఫ్ చేలు పొట్ట మీదున్నప్పుడు రాత్రి లైటు వేస్తే పచ్చ దీపపు పురుగులు కమ్ముకుంటాయి. తడి ఆయిల్ మీద వాలితే అతుక్కుపోతాయి. చీకటి పడ్డాక ఆయిల్ పని పెట్టుకోను. బొమ్మ ఉన్న గదిలో లైటు వెయ్యను, పక్క గదిలో వేసి పురుగుల్ని అటు మళ్ళిస్తాను. వాలినవాటిని తడిలో తియ్యబోతే రంగంతా చెదిరిపోతుంది. ఆరాక మెత్తటి కుంచెతో దులిపితే వస్తాయి. కోతలు, నూర్పిళ్ళ రోజుల్లో దుమ్ము ఎక్కువ కాబట్టి బొమ్మని గోడకేసి కాస్త ముందుకి వాల్చి పెట్టాలి.

అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆరుతూ వేడి పుట్టించుకుని వాటంతటవే అంటుకోగలవు. నీళ్ళలో తడిపి, ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి.

హాల్లో

గోడకి, బల్లకి మధ్య అంగుళం ఖాళీ ఉండేలా చెక్క దిమ్మలు పెట్టించాను. వానాకాలంలో గోడ చెమ్మగిల్లుతుంది, గాలి ఆడకపోతే బల్ల వెనక బూజు పడుతుంది. కాలవ వైపు కిటికీలకి ఎదురుగా కాకుండా, పక్క గోడకి తగిలించాం. ఎదురుగా పెడితే ముదురు రంగుల మీద కిటికీయే కనిపిస్తుంది. బొమ్మకి దగ్గరగా ఉన్న ట్యూబ్‌లైటుని ఎలక్ట్రీషియన్ చేత ముందుకి జరిపించాను.

గుర్రం ముదురు భాగాల్లో అక్కడక్కడ ఆయిల్ లోపలికి ఇంకి మాసినట్టు కనిపిస్తోంది. ఇది మామూలే. ఆ చోట్ల పలచగా నూనె రాసి తుడిచాను. ఫైనల్ వార్నిష్ మాత్రం ఇప్పుడే వెయ్యను. పలచటి పొరలే అయినా కనీసం ఆరు నెలలు ఆగాలి, జూలు దగ్గర మందంగా ఉంది కాబట్టి ఏడాది ఆగుదామని మేడంగారితో చెప్పాను. వేసే ముందు దూదికి కాస్త టర్ప్స్ అద్ది తోక చివర, ఎవరికీ కనిపించని చోట రుద్ది చూస్తాను. దూదికి రంగు అంటకపోతే, ఎండ కాసే పొడి రోజు చూసుకుని, సెలవుల్లో హాలు ఖాళీగా ఉన్నప్పుడు వార్నిష్ వేస్తాను.